రోడ్డు రొద ఆపే కిటికీ ప్యానెల్: కావాల్సినప్పుడు పెట్టుకుని, వద్దనుకుంటే తీసేలా ఎలా చేసుకోవాలి

కిటికీ మూసినా హారన్ల మోత, వీధిలో మాటలు స్పష్టంగా వినపడుతున్నాయంటే ముందు అనుమానించాల్సింది గాజు మందాన్ని కాదు, సందుల్ని. గాలి దూరే చోటల్లా శబ్దం దూరుతుంది. ఈ పనిలో చాలామంది డబ్బంతా బరువైన పలకల మీద పెట్టి, చుట్టూ మూడు మిల్లీమీటర్ల ఖాళీ వదిలేసి, చివరికి ‘ఏమీ తేడా లేదు’ అని దాన్ని అటకెక్కిస్తారు.

లెక్క చూడండి. 900 మి.మీ. వెడల్పు, 1200 మి.మీ. ఎత్తు ఉన్న కిటికీ చుట్టుకొలత 4.2 మీటర్లు. ప్యానెల్ చుట్టూ 3 మి.మీ. సందు ఉంటే ఆ ఖాళీ మొత్తం 126 చదరపు సెం.మీ., అంటే కిటికీ వైశాల్యంలో ఒక శాతం పైచిలుకు. ఒక శాతం ఖాళీ ఉన్న అడ్డు, అది సీసపు రేకైనా సరే, 20 డెసిబెల్స్ మించి ఆపలేదు. ఒక్క నిలువు పక్కన మాత్రమే 1 మి.మీ. సందు మిగిలినా 30 దాటదు. అందుకే కింద చెప్పే పద్ధతిలో, అంటే కిటికీకి గది వైపు నుంచి బోల్టులతో బిగించే ప్లైవుడ్ ప్యానెల్‌లో, పలక కన్నా దాని చుట్టూ సందు మూసే మెత్తటి పట్టీకే, అంటే గ్యాస్కెట్‌కే, ఎక్కువ చోటు ఇచ్చాం.

ఆశించే ఫలితం గురించి కూడా ముందే ఒక మాట. శబ్దం 10 డెసిబెల్స్ తగ్గితే చెవికి దాదాపు సగమైనట్టు ఉంటుంది. హారన్లు, మాటలు, కుక్కల అరుపులు, బైకుల చప్పుడు ఈ ప్యానెల్‌తో బాగా తగ్గుతాయి. లారీ ఇంజన్ గుర్రు, ఊరేగింపు డప్పు, డీజే బాక్సుల దడదడ లాంటి మంద్రస్థాయి శబ్దాలు మాత్రం అంతగా లొంగవు. అవి గోడల గుండా, స్లాబు గుండా కూడా వస్తాయి.

గోడకు అంటించే గరుకు స్పాంజి పలకలు, గుడ్ల అట్టలు ఈ పనికి పనికిరావు. స్పాంజి గదిలో ప్రతిధ్వనిని తగ్గిస్తుంది, బయటి శబ్దాన్ని ఆపదు. ఆపడానికి బరువు కావాలి, సందు లేకుండా మూయాలి, గాజుకీ పలకకీ మధ్య దూరం ఉండాలి.

ఏ కిటికీకి పెట్టకూడదు

అగ్నిప్రమాదం జరిగితే బయటపడడానికి ఆ గదిలో ఆ కిటికీ ఒక్కటే దారి అయితే దాన్ని బోల్టులతో బిగించకండి. గ్యాస్ గీజరు, గ్యాస్ లేదా కిరోసిన్ హీటరు, బొగ్గుల కుంపటి వాడే గదిలో గాలి వచ్చే కిటికీని మూయడం ప్రాణాంతకం. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. పడకగదిలో రాత్రంతా ఉంచేటట్టయితే గదికి గాలి ఇంకో వైపు నుంచి రావాలి, కనీసం లోపలి తలుపైనా ఓరగా తెరిచి ఉండాలి. తలుపూ మూసి, కిటికీ బిగించి ఇద్దరు ముగ్గురు పడుకుంటే తెల్లారేసరికి గాలి బరువెక్కి తలనొప్పితో లేస్తారు.

పగలు ఎండ నేరుగా కొట్టే కిటికీ అయితే ప్యానెల్‌లో గాజు వైపు కనిపించే ముఖం తెల్లగా ఉండాలి. నల్ల గుడ్డ వేస్తే మధ్యలో వేడి చేరుతుంది. నడిమి భాగం వేడెక్కి, ఫ్రేములో దాగిన అంచు చల్లగా ఉండిపోయి గాజు పగలొచ్చు. రంగు గాజుకు ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. అలాంటి చోట పగలు తీసేసి రాత్రికి పెట్టుకోవడమే మేలు.

ముందు కిటికీని చక్కదిద్దండి

ప్యానెల్ చేయడానికి ముందు ఒక పూట కిటికీకే కేటాయించండి. చెక్క తలుపులైతే గడియ వేశాక తలుపు ఫ్రేముకు గట్టిగా ఆనుతోందో లేదో చూడండి. ఆనకపోతే తలుపు అంచుకు సన్నని రబ్బరు పట్టీ వేయండి. జరిపే కిటికీలలో రెండు తలుపులు ఒకదాని మీదికొకటి వచ్చే నిలువు చోట కుచ్చు పట్టీ అరిగిపోయి ఉంటుంది. అది మార్చేవరకు మిగతావి ఏం చేసినా సగం ఫలితమే. ఫ్రేముకీ గోడకీ మధ్య పగుళ్లుంటే అక్రిలిక్ సీలెంట్‌తో నింపండి. ఒకటి గుర్తుంచుకోండి: జరిపే కిటికీ కింది పట్టాలో బయటివైపు వాననీరు పోయే చిన్న కంతలు ఉంటాయి. వాటిని మూస్తే నీళ్లు ఇంట్లోకి వస్తాయి.

కొలతలు

గాజుకీ గది గోడ ముఖానికీ మధ్య ఉన్న లోతును ఇక్కడ గూడు అంటున్నాం. ప్యానెల్ ఆ గూట్లో కూర్చుంటుంది. వెడల్పు పైన, మధ్య, కింద మూడు చోట్లా, ఎత్తు ఎడమ, మధ్య, కుడి మూడు చోట్లా తీసి అన్నిటిలోకీ చిన్న కొలత పట్టుకోండి. మూల నుంచి మూలకు రెండు కర్ణాలూ కొలవండి. తేడా 5 మి.మీ. దాటితే గూడు చదరంగా లేదన్నమాట. అప్పుడు ప్లైవుడ్‌ను కూడా గూటి ఆకారానికే కోయాలి. పెద్ద అట్ట గూట్లో పెట్టి గీసుకుంటే కొలతలో పొరపాటు రాదు.

గూటి లోతు చాలా ముఖ్యం. గాజుకూ పలకకూ మధ్య 100 మి.మీ. దూరం దొరికితే ఆ కిటికీ అదృష్టం చేసుకున్నట్టే. రెండు పలకల మధ్య గాలి స్ప్రింగులా పనిచేసి ఒకానొక స్వరస్థాయి (సెకనుకు ఎన్ని కంపనాలో హెర్ట్జ్‌లలో చెప్పేది) దగ్గర శబ్దాన్ని ఆపకపోగా సాగనంపుతుంది. 4 మి.మీ. గాజు చదరపు మీటరుకు 10 కిలోలు, మనం చేసే పలక 12.5 కిలోలు అనుకుంటే, మధ్య దూరం 20 మి.మీ. ఉన్నప్పుడు ఆ బలహీన స్థాయి 180 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. అది సరిగ్గా వాహనాల హోరు ఉండే చోటు. దూరం 100 మి.మీ. చేస్తే 80 హెర్ట్జ్‌కు దిగిపోతుంది. గాజుకు ఆనించి పెట్టే పలకలు చాలామందికి నిరాశ మిగల్చడానికి ఇదీ ఒక కారణం.

గాజు వైపు పొడుచుకొచ్చిన పిడి, గొళ్లెం, గ్రిల్లు ఎంత లోపలికి వస్తున్నాయో కూడా రాసుకోండి. గ్రిల్లు లోపలివైపు ఉంటే పలక దాని ముందు కూర్చోవాలి, దూరం లెక్క గాజు నుంచే వేసుకోవాలి.

సామాను

ఇక్కడి కొలతలన్నీ 900 × 1200 మి.మీ. గూటికి. మీ గూటిని బట్టి మార్చుకోండి.

- 12 మి.మీ. ప్లైవుడ్, 894 × 1194 మి.మీ. ముక్క ఒకటి
- చదరపు మీటరుకు 5 కిలోల బరువుండే మాస్ లోడెడ్ వినైల్ (శబ్దం ఆపడానికి వాడే బరువైన, మెత్తటి ప్లాస్టిక్ పొర), 810 × 1110 మి.మీ.
- ప్యానెల్ చట్రానికి 50 × 20 మి.మీ. చెక్క బద్దలు, 5.5 మీటర్లు
- గోడకు బిగించడానికి 40 × 40 మి.మీ. చెక్క బద్దలు, 4.5 మీటర్లు
- 50 మి.మీ. మందం, ఘనపు మీటరుకు 48 కిలోల సాంద్రత ఉన్న రాక్‌వూల్ (రాతి నార) పలకలు, ఒక చదరపు మీటరు
- 20 మి.మీ. వెడల్పు, 10 మి.మీ. మందం, జిగురు వీపు ఉన్న మెత్తటి ఈపీడీఎం (ఒక రకం కృత్రిమ రబ్బరు) స్పాంజి పట్టీ, 5 మీటర్లు
- ఎం6 హ్యాంగర్ బోల్టులు (ఒక కొస చెక్కలో దిగేది, రెండో కొస నట్టు పట్టేది) 65 మి.మీ. పొడవువి 8, వాటికి వెడల్పాటి వాషర్లు, రెక్కల నట్లు
- 6 మి.మీ. మందం ప్లాస్టిక్ స్పేసర్లు (బోల్టుకు తొడిగి ఎడం నిలిపే ముక్కలు) 8
- 38 లేదా 40 మి.మీ. చెక్క స్క్రూలు 30, గోడకు 75 మి.మీ. స్క్రూలు, ప్లగ్గులు 16 చొప్పున
- బరువు తట్టుకునే పిడులు 2, తెల్లటి పలచని నాన్ వోవెన్ గుడ్డ, అక్రిలిక్ సీలెంట్, చెక్క జిగురు, కాంటాక్ట్ అంటు

అన్నీ కలిపి ప్యానెల్ 18 కిలోల దాకా తూగుతుంది. ఒకరు ఎత్తగలిగే హద్దు అది. కిటికీ ఇంతకన్నా వెడల్పైతే ఒకే పలక చేయకండి. గూడు మధ్యలో తీసిపెట్టుకోగలిగే నిలువు బద్ద పెట్టి, దాని మీద రెండు ప్యానెళ్లు చెరో వైపు ఆనేలా చేయండి.

వినైల్ దొరకకపోతే 4 మి.మీ. మందం బరువైన రబ్బరు మ్యాటు వాడొచ్చు. కాకపోతే వాసన పోవడానికి కొన్నాళ్లు ఎండలో ఆరబెట్టాలి. స్పాంజి పట్టీ విషయంలో మాత్రం రాజీ వద్దు. వేళ్ల మధ్య నొక్కితే సులువుగా సగానికి దిగి, వదిలితే వెంటనే లేచేదే తీసుకోండి. గట్టి రబ్బరు తీసుకుంటే నాలుగు మీటర్ల పొడవునా దాన్ని నొక్కి పట్టేంత బలం ఎనిమిది నట్లకు చాలదు, ప్లైవుడ్ వంగుతుంది.

గోడకు బద్దలు: ఒకే మట్టంలో ఉండాలి

కుక్కర్ మూతకు గ్యాస్కెట్ ఆనే అంచు ఎలాంటిదో ప్యానెల్‌కు ఈ నాలుగు బద్దలూ అలాంటివి. పక్కగోడలకు రబ్బరు ఒరుసుకుంటూ దూరే పద్ధతి కన్నా ఎదురుగా ఒక అంచుకు ఆని నొక్కుకునే పద్ధతి ఎక్కువ కాలం నిలుస్తుంది. ఒరుసుకునే రబ్బరు పెట్టి తీసినప్పుడల్లా చిరుగుతుంది.

బద్దల ముందు ముఖం గాజు నుంచి 100 మి.మీ. దూరంలో వచ్చేలా గూటి నాలుగు వైపులా గీత గీయండి. కొలత గాజు నుంచే తీయాలి, గది గోడ ముఖం నుంచి తీయకూడదు. ప్లాస్టరింగ్ ఎక్కడో ఉబ్బి ఎక్కడో పల్లమై ఉంటుంది. డ్రిల్లు పెట్టే ముందు కిటికీ పక్కన స్విచ్‌బోర్డు ఉంటే దాని వైరు ఎటు పోయిందో చూసుకోండి. గోడ అంచుకు 30 మి.మీ. లోపు రంధ్రం వేస్తే మూల పెచ్చు ఊడుతుంది.

1. కింది బద్ద 900, పై బద్ద 900, నిలువువి చెరో 1120 మి.మీ. కోయండి. నిలువువి పై, కింది బద్దల మధ్య బిగువుగా ఇరకాలి.

2. బద్ద వెనక, అంటే గోడకు ఆనే ముఖం మీద, రెండు వరుసల అక్రిలిక్ సీలెంట్ పెట్టి, 300 మి.మీ.కి ఒక స్క్రూ చొప్పున బిగించండి. ముందు కింది బద్దను రసమట్టం చూసి పూర్తిగా బిగించండి. మిగతావాటిని సగం బిగువులో ఉంచండి.

3. ఇప్పుడు మూల నుంచి మూలకు రెండు సన్నని దారాలు, బద్దల ముందు ముఖాన్ని తాకుతూ లాగి కట్టండి. మధ్యలో అవి ఒకదాన్నొకటి తాకీ తాకనట్టు ఉండాలి. మధ్యలో 3 మి.మీ. ఎడం కనిపిస్తే ఏదో ఒక మూల 6 మి.మీ. లోపలికో బయటికో పోయిందని లెక్క. పైదారం కిందిదారాన్ని నొక్కుతున్నా చూడడానికి తాకినట్టే ఉంటుంది కాబట్టి, దారాలను పైది కిందికి, కిందిది పైకి మార్చి మళ్లీ చూడండి. రెండు సార్లూ తాకీ తాకనట్టే ఉంటేనే మట్టం కుదిరింది. మూలలు సరిచేశాక స్క్రూలన్నీ బిగించండి.

4. బద్దకూ గోడకూ మధ్య, మూలల్లో బద్దలు కలిసే చోట మళ్లీ సీలెంట్ నింపి వేలితో తీయండి. ఆరడానికి ఒక రోజు వదిలేయండి.

పదిహేను నిమిషాలు పట్టే ఈ దారం పనిని వదిలేసినవాళ్లే తర్వాత రెండు రబ్బర్లు ఒకదాని మీద ఒకటి అంటించి సందు పూడ్చాలని చూస్తారు. 10 మి.మీ. స్పాంజి 6 మి.మీ.కి దిగాలనేది లెక్క. బద్దలో 4 మి.మీ. మెలిక ఉంటే ఒక మూల పూర్తిగా నలిగి, ఎదుటి మూల తాకనే తాకదు.

ప్యానెల్ కట్టడం

ప్లైవుడ్ గూటి కన్నా వెడల్పులో, ఎత్తులో 6 మి.మీ. చిన్నది. చుట్టూ 3 మి.మీ. ఖాళీ ఉంటుందన్నమాట. దాని మీద చట్రం 810 × 1110 మి.మీ. ఉంటుంది కాబట్టి నాలుగు వైపులా 42 మి.మీ. ప్లైవుడ్ అంచు మిగులుతుంది. ఆ అంచే గోడ బద్దల మీద ఆనుతుంది. చట్రం మాత్రం బద్దల మధ్య నుంచి గాజు వైపు దూరి ఉంటుంది, 5 మి.మీ. ఎడంతో.

చట్రానికి 1110 మి.మీ. బద్దలు రెండు, 770 మి.మీ.వి మూడు కోయండి. మూడోది మధ్యలో అడ్డంగా వస్తుంది. బద్దలను 50 మి.మీ. కొలత పలక నుంచి పైకి నిలిచేలా పెట్టి, జిగురు రాసి, మూలమట్టంతో చూసి కలపండి.

ప్లైవుడ్ మీద చట్రం హద్దులు గీసి, ఆ హద్దుల్లో వినైల్ పరవండి. అంటు మొత్తం పూయకుండా అంచుల్లో, మధ్యలో అక్కడక్కడా పూయండి చాలు. మెత్తటి పొర బిగుసుకుపోకుండా ఉంటేనే ప్లైవుడ్ కంపనాన్ని మింగుతుంది. దాని మీద చట్రం పెట్టి, పలకను తిరగేసి, గది వైపు ముఖం నుంచి 200 మి.మీ.కి ఒకటి చొప్పున స్క్రూలు దించండి. ముందుగా 3 మి.మీ. రంధ్రం వేసుకోకపోతే 20 మి.మీ. బద్ద నిలువునా చీలుతుంది. స్క్రూ దిగేటప్పుడు దాని కొనకు వినైల్ చుట్టుకుని పైకి లేస్తే ఆ చోట ప్లైవుడ్‌కూ చట్రానికీ మధ్య సందు వస్తుంది. అందుకే వినైల్‌కు కూడా ముందే రంధ్రం పడాలి.

చట్రం లోపలి అంచు పొడవునా సీలెంట్ వేయండి. ఆరాక రాక్‌వూల్‌ను 775 × 530 మి.మీ. ముక్కలుగా కోసి చట్రంలోని రెండు అరల్లోనూ కూర్చోపెట్టండి. అరల అసలు కొలత 770 × 525. ఆ 5 మి.మీ. ఎక్కువే ముక్కను పట్టి నిలుపుతుంది. నొక్కి కుదించకండి, కుదించితే పనితనం పెరగదు. కోసేటప్పుడు చేతులకు తొడుగులు, నిండు చేతుల చొక్కా, ముక్కుకు మాస్కు తప్పనిసరి. నూగు చర్మంలో గుచ్చుకుంటే రోజంతా దురద. ఆపైన తెల్ల గుడ్డను బిగువుగా లాగి చట్రం పక్కలకు స్టేపుల్ చేయండి. మందపాటి ప్లాస్టిక్ కవరు వేస్తే రాక్‌వూల్‌లోకి శబ్దం చేరక అది వేసిన ప్రయోజనం పోతుంది.

పిడులను చట్రం బద్దల మీదుగా వచ్చేలా బిగించాలి. ఉత్త ప్లైవుడ్‌కు బిగించిన పిడి కొన్నాళ్లకు ఊడి వస్తుంది. ప్లైవుడ్ కోసిన అంచులకు వార్నిష్ పట్టించడం మర్చిపోకండి. తేమ పీల్చి అంచు ఉబ్బితే 3 మి.మీ. ఖాళీ కాస్తా పోయి ప్యానెల్ గూట్లో ఇరుక్కుంటుంది.

బోల్టులు, ఆ తర్వాతే గ్యాస్కెట్

సిల్ (గూటి కింది గట్టు) మీద 3 మి.మీ. గట్టి ప్లాస్టిక్ ముక్కలు రెండు, కిందివైపు రెండు చివర్ల నుంచి పావు దూరంలో పెట్టి ప్యానెల్‌ను వాటి మీద నిలబెట్టండి. ఈ రెండు ముక్కలూ ఎప్పటికీ అక్కడే ఉండాలి, జిగురుతో అంటించేయండి. బరువు వాటి మీద పడకపోతే స్పాంజి మీద పడి, దాన్ని పక్కకు లాగుతుంది.

ఒకరు ప్యానెల్‌ను బద్దలకు నొక్కి పట్టుకోగా, ప్లైవుడ్ అంచుకు 10 మి.మీ. లోపల, నిలువు వైపులు రెండిటికీ మూడేసి, పైనా కిందా మధ్యలో ఒక్కొక్కటి, మొత్తం ఎనిమిది చోట్ల ప్లైవుడ్ గుండా బద్దలోకి 3 మి.మీ. రంధ్రం వేయండి. ప్యానెల్ తీసి, ప్లైవుడ్ రంధ్రాలను 9 మి.మీ.కి, బద్దలోవి 4.5 మి.మీ.కి పెంచండి. హ్యాంగర్ బోల్టు నట్టు కొసకు రెండు మామూలు నట్లు ఒకదానికొకటి బిగించి, పానాతో తిప్పి బద్దలోకి 30 మి.మీ. దించండి. ఆ రెండు నట్లూ తీసేసి స్పేసరు తొడగండి.

ఇక గ్యాస్కెట్. దీన్ని ప్యానెల్ అంచు వెనక ముఖానికి, బోల్టు రంధ్రాలకు లోపలి పక్కన అంటించాలి. స్పాంజి పట్టీ ప్లైవుడ్ అంచుకు 17 మి.మీ. లోపల మొదలై చట్రానికి 5 మి.మీ. ముందే ఆగాలి. రంధ్రాలు పట్టీకి బయటివైపు పడతాయి కాబట్టి వాటిలోంచి వచ్చిన గాలి లోపలి గూటికి చేరదు. పట్టీ మధ్యలో రంధ్రం పొడిచి బోల్టు దూర్చే పద్ధతిలో ప్రతి బోల్టూ ఒక చిన్న కంతే.

ప్లైవుడ్‌ను గరుకు కాగితంతో రుద్ది, స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వండి. పట్టీని అంటించేటప్పుడు లాగకండి. లాగి అంటించిన స్పాంజి రెండు మూడు రోజుల్లో వెనక్కి కుంచించుకుని మూలల్లో వేలు దూరేంత ఖాళీ చేస్తుంది. బాగా చేసిన ప్యానెళ్లు కూడా ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే. మూల దగ్గర పట్టీని వంచి తిప్పకుండా కోసి, రెండో పట్టీని 3 మి.మీ. ఎక్కువ పొడవుంచి మొదటిదానికి గట్టిగా నొక్కి ఆనించండి. ఆ కలిసే ముఖానికి కాంటాక్ట్ అంటు సన్నగా రాయండి. అతుకులు నాలుగు మూలల్లోనే ఉండాలి.

ప్యానెల్‌ను బోల్టులకు ఎక్కించి, వాషర్లు వేసి, నట్లను ఎదురెదురు మూలలుగా కొద్దికొద్దిగా బిగించుకుంటూ రండి. అన్నీ స్పేసరుకు తగిలేసరికి స్పాంజి అంతటా 6 మి.మీ.కి దిగి ఉంటుంది. స్పేసరు లేకుండా బిగిస్తే పట్టీకి బయట ఉన్న బోల్టు ప్లైవుడ్ అంచును వంచి, రెండు బోల్టుల నడుమ పట్టీ తేలిపోతుంది.

పరీక్ష

రాత్రి గదిలో దీపాలార్పి, వీలైతే బయటి నుంచి ఇంకొకరిని కిటికీ అంచుల మీద టార్చి వేయమనండి. వెలుగు గీత కనబడ్డ చోటల్లా సందుంది. పై అంతస్తు అయితే కాగితం ముక్క చాలు. బిగించే ముందు అంచున కాగితం పెట్టి, బిగించాక లాగండి. చిరిగిపోయేంత పట్టు ఉండాలి. సులువుగా జారి వస్తే అక్కడ పట్టీ ఆనడం లేదు. మూడో పద్ధతి చెవిది: ఒక మీటరు ప్లాస్టిక్ గొట్టం ఒక చివర చెవి దగ్గర పెట్టుకుని, రెండో చివరను అంచు వెంట నెమ్మదిగా జరపండి. సందు ఉన్న చోట బయటి చప్పుడు ఒక్కసారి పదునెక్కుతుంది. చూపుకు దొరకనివి కూడా దీనికి దొరుకుతాయి.

ఫోన్ యాప్‌తో కొలిచేటప్పుడు క్షణక్షణానికి మారే అంకెను నమ్మకండి. ఫోన్‌ను ఒకే చోట కదలకుండా ఉంచి, ప్యానెల్ పెట్టి ఐదు నిమిషాలు, తీసి ఐదు నిమిషాలు సగటు చూడండి. అసలు అంకె తప్పు కావచ్చు, తేడా మాత్రం పనికొస్తుంది.

సందులేవీ లేవు, అయినా తేడా తక్కువగా ఉందంటే శబ్దం వేరే దారిన వస్తోంది. ఏసీ గొట్టం పోయే కంత, ఎగ్జాస్ట్ ఫ్యాను, పైన వెంటిలేటరు, తలుపు కింద ఖాళీ, వీటిని ఒక్కొక్కటిగా దుప్పటి కుక్కి వినండి. కిటికీ రొద తగ్గాకే ఇవి బయటపడతాయి, అంతవరకు ఆ మోతలో కలిసిపోయి ఉంటాయి.

వెలుతురు కావాలంటే

ప్లైవుడ్, వినైల్, చట్రం అన్నీ మానేసి 10 మి.మీ. అక్రిలిక్ పలక ఒక్కటే వాడొచ్చు. చదరపు మీటరుకు 12 కిలోల దగ్గర ఉంటుంది కాబట్టి బరువులో లోటు లేదు. దానికి రెండు ఇబ్బందులున్నాయి. ఒకటి, 1200 మి.మీ. అక్రిలిక్ 30 డిగ్రీల తేడాకు 2.5 మి.మీ. దాకా సాగుతుంది. అందుకని బోల్టు రంధ్రాలు 11 మి.మీ. ఉండాలి, వాషరు కింద రబ్బరు వాషరు వేయాలి. రంధ్రం వేసేటప్పుడు డ్రిల్లు నెమ్మదిగా తిప్పాలి, వెనక చెక్క ముక్క ఆనించాలి, లేకపోతే అంచు పగులుతుంది. రెండోది, లోపల రాక్‌వూల్ లేదు కాబట్టి మధ్య గాలి డొల్లగా మోగుతుంది. బద్దల వెనక, గూటి నాలుగు పక్కగోడలకు 25 మి.మీ. మందం ఫెల్టు పట్టీలు అంటిస్తే అది చాలావరకు తగ్గుతుంది. అయస్కాంతపు పట్టీలతో అంటించే అక్రిలిక్ పలకలు తేలికవాటికే, ఈ బరువుకు ఆగవు.

గోడకు రంధ్రం పెట్టకూడని ఇంట్లో

అప్పుడు ఒరుసుకునే పద్ధతే గతి. ప్లైవుడ్‌ను చట్రం సైజుకే కోసి, 50 మి.మీ. చట్రం పక్కలకు 12 మి.మీ. మెత్తటి స్పాంజిని ముందొక వరుస, వెనకొక వరుస అంటించండి. పక్కలకు 7 మి.మీ. ఖాళీ ఉండేలా వెడల్పు 886 మి.మీ. చేయండి. కిందివైపు స్పాంజి బరువుకు చప్పబడిపోతుంది, అక్కడ 5 మి.మీ. గట్టి రబ్బరు వేసి, పైన 7 వదిలి, ఎత్తు 1188 మి.మీ. చేయండి. లోపలికి తోసేటప్పుడు స్పాంజికి టాల్కం పౌడరు రాస్తే చుట్టుకోకుండా జారుతుంది. గూటి గోడలు 2 మి.మీ. కన్నా ఎక్కువ ఎగుడుదిగుడుగా ఉంటే ఈ పద్ధతి పనిచేయదు. ముందు పుట్టీతో సాపు చేసుకోవాలి.

వాడకంలో

వారానికోసారి తీసి, గాజు లోపలివైపు చెమ్మ పట్టిందేమో చూసి తుడవండి. చలికాలంలో గది గాలిలోని తేమ సందుల గుండా చల్లటి గాజుకు చేరితే నీరు కడుతుంది. పదేపదే చెమ్మ కనిపిస్తుంటే గ్యాస్కెట్ ఎక్కడో వదులైందని అర్థం, మళ్లీ గొట్టంతో వినండి. గుడ్డ మీద నల్ల మచ్చలు వస్తే గుడ్డ మార్చండి. రాక్‌వూల్ తడిస్తే ఎండలో పూర్తిగా ఆరాకే తిరిగి పెట్టండి.

తీసిన ప్యానెల్‌ను కింది అంచు మీద నిలబెట్టి గోడకు ఆనించాలి, పడుకోబెట్టి దాని మీద సామాను పేరిస్తే స్పాంజి శాశ్వతంగా నలిగిపోతుంది. అలాగే రోజుల తరబడి తీయకుండా బిగించి ఉంచిన పట్టీ కూడా క్రమంగా పొంగే గుణం పోగొట్టుకుంటుంది. నట్లు విప్పాక 10 మి.మీ. పట్టీ ఒక గంటలో కనీసం 8కి లేవకపోతే ఆ పట్టీ పీకేసి, జిగురు గోకి, కొత్తది అంటించండి. మిగతా ప్యానెల్‌ను ముట్టుకోనక్కర్లేదు.